ట్రాక్స్ రికార్డ్స్ హౌస్ మ్యూజిక్‌ని నిలబెట్టిందా, దోచుకుందా?

బాస్‌లైన్_రవి

షికాగో హౌస్ (డిస్కో తర్వాత అక్కడి క్లబ్బుల్లో పుట్టిన డాన్స్ సంగీతం) గురించి మాట రాగానే ఎవరో ఒకరు "ట్రాక్స్ లేకపోతే హౌసే లేదు" అంటారు, ఆ వెంటనే ఇంకొకరు "అది లేబుల్ కాదు, దోపిడీ" అంటారు, అక్కడితో ఆగిపోతారు. ఈసారి వివరంగా మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: 1984లో లారీ షెర్మన్, జెస్సీ సాండర్స్, విన్స్ లారెన్స్ కలిసి షికాగోలో మొదలుపెట్టిన చిన్న లేబుల్, అంటే రికార్డులు వేసి అమ్మే కంపెనీ, ఈ ట్రాక్స్. షెర్మన్‌కి రికార్డులు ప్రెస్ చేసే సొంత ప్లాంటు ఉండేది. 1986 ఒక్క ఏడాదిలో అడోనిస్ "నో వే బ్యాక్", మార్షల్ జెఫర్సన్ "మూవ్ యువర్ బాడీ", మిస్టర్ ఫింగర్స్ (లారీ హర్డ్ పెట్టుకున్న పేరు) "కెన్ యూ ఫీల్ ఇట్" దీని నుంచే వచ్చాయి. తర్వాతి ఏడాది ఫ్యూచర్ అనే బృందం "యాసిడ్ ట్రాక్స్".

నేను ట్రాక్స్ పక్షమే. 1979 జూలై 12న షికాగోలోనే కొమిస్కీ పార్క్ స్టేడియంలో వేలమంది ముందు డిస్కో రికార్డులు పేల్చేశారు, ఆ తర్వాత పెద్ద కంపెనీలు డాన్స్ సంగీతం నుంచి ముఖం తిప్పుకున్నాయి. ఆ స్టేడియంలో అప్పట్లో పనిచేసిన కుర్రాడే విన్స్ లారెన్స్. డ్రమ్ మెషీన్ పట్టుకుని తిరిగే నల్లజాతి కుర్రాళ్ల పాటలని ఏ పెద్ద కంపెనీ తీసుకునేది? షెర్మన్ తీసుకున్నాడు, ప్రెస్ చేశాడు, షాపుల దాకా చేర్చాడు. ఆ మనిషి మంచివాడా కాదా అనేది వేరే ప్రశ్న.

లయ_దారి

రవి గారూ, అది వేరే ప్రశ్న కాదు, అసలు ప్రశ్న అదే. మీరు ట్రాక్స్‌కి బలం అని చెప్తున్న విషయమే నా దృష్టిలో దాని రోగం.

రాయల్టీ ఎలా లెక్కగడతారో చూడండి. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో దాన్నిబట్టి కళాకారుడికి డబ్బు రావాలి. మామూలుగా లేబుల్ ఒకరిది, ప్లాంటు ఇంకొకరిది. లేబుల్ ప్లాంటుకి ఆర్డర్ ఇస్తుంది, బిల్లు కడుతుంది, ఎక్కడో ఒకచోట "ఇన్ని కాపీలు ప్రెస్ చేశాం" అని కాగితం ఉంటుంది, గొడవ వస్తే ఆ కాగితం అడగొచ్చు. ట్రాక్స్‌లో ఆర్డర్ ఇచ్చేదీ ప్రెస్ చేసేదీ లెక్క రాసేదీ ఒకే మనిషి. పాట బాగా ఆడితే రాత్రికి రాత్రి ఇంకో బ్యాచ్ వేసినా బయటివాడికి తెలిసే దారి లేదు. పాట రాసినవాడు తన రికార్డు లండన్‌లో మోగుతోందని వింటాడు, ఎన్ని కాపీలు పోయాయో మాత్రం ఎవరినీ అడగలేడు. అడిగినా, చెప్పేవాడు డబ్బు ఇవ్వాల్సినవాడే.

షెర్మన్ మనసు మంచిదా చెడ్డదా అన్నదాని మీద నాకు ఆసక్తి లేదు. అంత అధికారం ఒకరి దగ్గరే ఉంటే ఎంత మంచివాడికైనా చేతివాటం వస్తుంది. ఆ కుర్రాళ్ల పక్కన లాయర్ లేడు, మేనేజర్ లేడు, కాంట్రాక్ట్‌లో ఏముందో చదివి చెప్పేవాడు లేడు.

నైట్‌షిఫ్ట్

క్వాలిటీ సంగతి ఎవరూ ఎత్తరేం? ఆ ట్రాక్స్ ప్రెస్సింగులు చరచరా శబ్దం చేస్తాయి. పాత రికార్డులు కరిగించి మళ్లీ వాడేవాళ్లని, ప్లాస్టిక్‌లో పాత లేబుల్ కాగితం ముక్కలు కనిపించేవని అప్పటి డీజేలు చాలామంది చెప్తారు. కళాకారుడి పని మీద ఏమాత్రం గౌరవం ఉన్నా అలా చేయరు.

బాస్‌లైన్_రవి

నైట్‌షిఫ్ట్ బ్రో, ఖర్చు తగ్గించకపోతే అంత త్వరగా అన్ని రికార్డులు వచ్చేవి కావు. ఆ శబ్దంతోనే ప్రపంచం వాటిని ప్రేమించింది.

లయ_దారి గారూ, మీ లెక్కల వాదన బలంగానే ఉంది. కానీ ప్రత్యామ్నాయం ఏమిటో మీరు చెప్పలేదు. క్లబ్బులో క్యాసెట్ మీద ఆడిన పాట ఆ గది దాటి పోదు. "యాసిడ్ ట్రాక్స్" మొదట మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీ టేపు మీదే వాయించాడు, జనం దాన్ని "రాన్ హార్డీ యాసిడ్ ట్రాక్" అనుకునేవారు. టేపుగానే ఉండిపోయి ఉంటే ఈపాటికి షికాగోలో కొద్దిమంది జ్ఞాపకంగా మిగిలేది. బేస్ గిటార్‌కి బదులుగా రోలాండ్ తయారుచేసి, ఎవరూ కొనక ఆపేసిన టీబీ-303 అనే డబ్బా నుంచి ఒక కొత్త సంగీతం పుట్టిందని ప్రపంచానికి తెలిసింది ఆ రికార్డు వల్లే.

సుహాసిని_డీజే

ప్రత్యామ్నాయం కళ్ల ముందే ఉంది కదండీ, పక్క ఊరు డెట్రాయిట్. హువాన్ అట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ పెట్టాడు, డెరిక్ మే 1986లో ట్రాన్స్‌మ్యాట్ పెట్టాడు, కెవిన్ సాండర్సన్‌కి కేఎంఎస్ ఉంది. మూడూ సంగీతం చేసేవాళ్ల సొంత లేబుల్సే. ప్రెస్సింగ్‌కి బయటి ప్లాంటుకి డబ్బు కట్టి చేయించుకునేవారు, అక్కడ ఆర్చర్ అనే ప్లాంటు ఎన్నో టెక్నో (డెట్రాయిట్‌లో పుట్టిన డాన్స్ సంగీతం) రికార్డులు ప్రెస్ చేసింది. వాళ్ల దగ్గరా డబ్బు లేదు, వాళ్లూ నల్లజాతి కుర్రాళ్లే, వాళ్లనీ పెద్ద కంపెనీలు పట్టించుకోలేదు. అయినా పాట హక్కు తమ దగ్గరే పెట్టుకుని మొదలుపెట్టారు.

షికాగోలో కూడా ట్రాక్స్ ఒక్కటే దిక్కు అన్నది నిజం కాదు. లారీ హర్డ్ "మిస్టరీ ఆఫ్ లవ్" 1985లో తన సొంత లేబుల్ అలీవియేటెడ్ మీద వేసుకున్నాడు. స్టీవ్ "సిల్క్" హర్లీ "జాక్ యువర్ బాడీ" 1987 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అది ట్రాక్స్ రికార్డు కాదు, పోటీ లేబుల్ డీజే ఇంటర్నేషనల్ వైపు నుంచి వెళ్లిన పాట. హౌస్ సముద్రం దాటడానికి ట్రాక్సే పడవ అని చెప్పడం ఆ మిగతావాళ్లందరినీ చరిత్ర నుంచి తుడిచేయడమే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది డబ్బు కూడా కాదు, పేరు. "యువర్ లవ్" రాసింది, పాడింది జేమీ ప్రిన్సిపుల్. ట్రాక్స్ రికార్డు మీద ఉన్నది డీజే ఫ్రాంకీ నకల్స్ పేరు. ఫ్రాంకీ ఎంత గొప్పవాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ పాటని ఆ రూపానికి తెచ్చిందీ ఆయనే, కానీ ఇప్పటికీ సగంమందికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. డబ్బు ఎప్పటికైనా కోర్టులో అడగొచ్చు, తప్పు పేరుతో ముప్పై ఏళ్లు తిరిగిన పాటకి ఆ ముప్పై ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

బాస్‌లైన్_రవి

డెట్రాయిట్ పోలిక ఒప్పుకుంటా, కానీ పూర్తిగా కాదు. మెట్రోప్లెక్స్ మొదలయ్యేసరికి షికాగోలో దారి ఏర్పడిపోయింది. 1984లో జెస్సీ సాండర్స్ "ఆన్ అండ్ ఆన్" తన సొంత లేబుల్ పేరుతో వేసినప్పుడు దాన్ని ప్రెస్ చేసింది కూడా షెర్మన్ ప్లాంటే. ఇంట్లో చేసిన పాటని రికార్డుగా అమ్మొచ్చు అని చుట్టుపక్కల కుర్రాళ్లందరికీ ధైర్యం ఇచ్చిన రికార్డు అది. ఆ ప్లాంటు చేసిన మేలుని నేను చిన్నది చేయలేను.

లయ_దారి

ఇక్కడ మీరే నా మాట చెప్పారు రవి గారూ. ప్లాంటు మేలు చేసింది, ఒప్పుకుంటాను. డబ్బు తీసుకుని ప్రెస్ చేసి ఇచ్చే ప్లాంటుగా ఉన్నంతవరకు షెర్మన్ వల్ల అందరికీ లాభమే, పాట మాత్రం సాండర్స్‌దే. అదే మనిషి లేబుల్ ఓనర్ కూడా అయ్యాక పాట హక్కు అతని వైపు జరిగింది, లెక్కా అతని చేతికే పోయింది. "ట్రాక్స్ లేకపోతే హౌస్ లేదు" అనే మాట ఈ రెంటినీ కలిపేస్తుంది.

తర్వాత జరిగిందీ చూడండి. షెర్మన్ 2020 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ జూన్‌లో లారీ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ ట్రాక్స్ మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశారు, 2022లో రాజీ కుదిరి వాళ్ల పాటల హక్కులు వాళ్లకి తిరిగొచ్చాయి. అదే ఏడాది మార్షల్ జెఫర్సన్, అడోనిస్, ఇంకా చాలామంది కలిసి మరో కేసు వేశారు. ఒకరిద్దరైతే వ్యక్తిగత కక్ష అనుకోవచ్చు. మీరు పైన గర్వంగా చెప్పిన 1986 పాటలు మూడు, వాటిని చేసిన ముగ్గురూ కోర్టుకెక్కారు.

నైట్‌షిఫ్ట్

అయితే ఇప్పుడు మనం ఏం చేయాలి? ట్రాక్స్ లోగో ఉన్న రికార్డు కొనాలా వద్దా? నాకు "నో వే బ్యాక్" కావాలి, టెన్షన్ లేకుండా కొనుక్కునే దారి చెప్పండి.

సుహాసిని_డీజే

పాతది సెకండ్‌హ్యాండ్‌లో కొంటే లేబుల్‌కి ఏమీ పోదు, కళాకారుడికీ ఏమీ రాదు, డబ్బు అమ్మినవాడికే. కొత్త రీఇష్యూ అయితే ముందు కళాకారుడి సొంత పేజీలో వెతకండి, హక్కులు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు తామే అమ్ముతారు. లారీ హర్డ్ పాటలైతే అలీవియేటెడ్ పేరు చూసి కొనండి. అడోనిస్ తన పేరుతో అమ్ముతుంటే అక్కడే కొనండి, లేకపోతే సెకండ్‌హ్యాండ్ కాపీ తీసుకోండి. మీరు ఎక్కడైనా ప్లే చేస్తే ట్రాక్‌లిస్టులో పాట చేసినవాడి పేరు రాయండి, "ట్రాక్స్ క్లాసిక్" అని వదిలేయకండి.

బాస్‌లైన్_రవి

ట్రాక్‌లిస్టు సంగతి నాకూ సమ్మతమే. "యువర్ లవ్"కి జేమీ ప్రిన్సిపుల్ పేరు ముందు రాస్తా. ట్రాక్స్ పేరు కూడా తీసేయను, పక్కనే 1987 అని రాస్తా. ఆ రికార్డు ఎవరు ప్రెస్ చేశారో కూడా చరిత్రే కదా.