అకౌంటెంట్ అని రాసి ఉంటే సరిపోదు తమ్ముడూ, చేతికి ఏ పని ఇస్తారో అడుగు

ప్రశ్న: పర్లాకిమిడి అబ్బాయి, ప్రస్తుతం బర్ దుబాయ్

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది పర్లాకిమిడి. ఎస్‌కేసీజీ కాలేజీలో బీకాం చేశాను. తర్వాత రెండేళ్ళు బరంపురంలో మా బాబాయి బట్టల కొట్లో లెక్కలు చూశాను. ట్యాలీ వచ్చు. జీఎస్టీ రిటర్నుకి అమ్మకాల షీటు తయారుచేసి ఆడిటరు గారికి ఇచ్చేవాణ్ణి. విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చి మూడు వారాలైంది. రెండు చోట్ల రమ్మంటున్నారు. ఒకటి ట్రేడింగ్ కంపెనీ. పోస్టు అకౌంటెంట్, మొత్తం 4,000 దిర్హాములు, అందులో బేసిక్ (మూల జీతం) 1,600. రెండోది చిన్న ఆడిట్ ఆఫీసు, జూనియర్ పోస్టు, 3,500, బేసిక్ 2,100. ట్రేడింగ్ వాళ్ళు రేపటి నుంచే వచ్చెయ్, వీసా సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. ఇంట్లోవాళ్ళు నాలుగు వేల వైపే మొగ్గుతున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బరంపురం అన్న, షార్జాలో పద్నాలుగేళ్ళు

తమ్ముడూ, నువ్వు చివర్లో రాసిన సంగతే ముందు తేల్చేద్దాం. విజిట్ వీసా మీద పని చేయడం ఇక్కడ నేరం. ఒక్క పూట కూడా వెళ్ళకు. నేను వచ్చిన కొత్తలో అలాగే వెళ్ళాను. కంపెనీ పేరు ఇప్పుడెందుకులే. ఏడు వారాలు బిల్లులు ఎక్కించి జీతం అడిగితే, 'మా రికార్డులో నువ్వెక్కడున్నావు?' అన్నాడు మేనేజరు. జవాబు చెప్పలేక బయటికొచ్చేశాను. కార్మిక శాఖ ఆఫర్ లెటర్ మీద సంతకం, వర్క్ పర్మిట్ అయ్యాకే కుర్చీలో కూర్చో. పాస్‌పోర్టు మా దగ్గర ఉంచు అంటే కుదరదని చెప్పు. అలా ఉంచుకునే హక్కు వాళ్ళకు లేదు.

ఇక అకౌంటెంట్ అన్న మాట. ఇక్కడ అది గోనెసంచి లాంటిది, ఏది వేసినా పడుతుంది. కొన్నిచోట్ల సప్లయర్ల బిల్లులు మాత్రమే చూస్తావు. బిల్లు రాగానే పర్చేజ్ ఆర్డరు, గోడౌన్‌లో సంతకం పెట్టిన డెలివరీ నోటు పక్కన పెట్టుకుని మూడూ కలిపి చూడాలి. వంద పెట్టెలకు బిల్లేసి తొంభై ఆరే దించితే, మిగతా నాలుగింటికి బాకీ తగ్గిస్తూ సప్లయరు ఇచ్చే క్రెడిట్ నోటు రాబట్టాలి. ఇంకోచోట నీ పనంతా వసూళ్ళే. ఎవరి బాకీ ముప్పై రోజులు దాటింది, ఎవరిది తొంభై దాటింది అని పట్టిక వేసుకుని ఫోన్లు చేయాలి. ఇక్కడి వ్యాపారం చాలావరకు రాబోయే తేదీలు వేసి ఇచ్చే చెక్కుల మీద నడుస్తుంది. వాటికి విడిగా ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ తేదీ చెక్కు ఆ తేదీకి బ్యాంకులో పడకపోతే నిన్నే పట్టుకుంటారు. కొన్ని కంపెనీల్లో జీతాల ఫైలు కూడా నువ్వే చేయాలి. జీతాలు డబ్ల్యూపీఎస్ (ప్రభుత్వం గమనించే జీతాల చెల్లింపు వ్యవస్థ) ద్వారానే వెళ్ళాలి, ఆ ఫైల్లో ఒక అంకె తప్పు పడితే ఆ మనిషికి జీతం ఆగిపోతుంది.

ఇవేవీ చిన్న పనులు కావు. కానీ ఒక్కదాంట్లోనే మూడేళ్ళు కూర్చుంటే తర్వాతి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే జీతం కంటే ముందు ఈ మాట అడుగు: 'నెలాఖరు క్లోజింగు ఎవరు చేస్తారు? అందులో నా భాగం ఎంత?' క్లోజింగంటే నెల లెక్కలు ముగించడం: బిల్లు రాని ఖర్చులకు పద్దు రాయడం, ఏడాదికి కట్టిన అద్దెను నెలలకు పంచడం, తరుగుదల, మన పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం, ఆ తర్వాత లాభనష్టాల పట్టీ. ఇవి చేతికొస్తే సీనియర్ అకౌంటెంట్, ఆపైన చీఫ్ అకౌంటెంట్, ఫైనాన్స్ మేనేజరు దాకా దారి ఉంది. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇంకో లెక్క. గ్రాచ్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం, బేసిక్ మీదే కడతారు. మొదటి అయిదేళ్ళు ఏడాదికి 21 రోజుల బేసిక్. 1,600 మీద ఏడాదికి 1,120 వస్తే, 2,100 మీద 1,470 వస్తుంది. నాలుగు వేలు పెద్దదిగా కనిపిస్తోంది కానీ మిగతాదంతా అలవెన్సులే.

జవాబు: రాయగడ అక్క, అబూధాబీలో ఆడిట్ పని

నేను ఆడిట్ ఆఫీసు వైపే. అన్నయ్య చెప్పని కష్టం కూడా చెప్తాను. డిసెంబరుతో లెక్కలు ముగించే కంపెనీలు ఎక్కువ కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంటికి వేళకి చేరవు. డిసెంబరు 31న అందరూ ఫోటోలు దిగుతుంటే నువ్వు ఏదో గోడౌన్‌లో పైపులు లెక్కపెడుతుంటావు. జూనియరంటే ఓచర్లు తిరగేయడం, బాకీదార్లకు ధ్రువీకరణ ఉత్తరాలు పంపడం, స్టాకు దగ్గర నిలబడడం. విసుగ్గానే ఉంటుంది. కానీ రెండేళ్ళలో ఇరవై కంపెనీల పుస్తకాలు చూస్తావు. కొట్లో కూర్చున్నవాడికి ఆ అవకాశం రాదు.

బాబాయి కొట్లో చేసిన పని రెజ్యూమెలో రాయడానికి మొహమాటపడకు. మా నాన్నకు రాయగడలో కిరాణా కొట్టు ఉండేది. ఎర్రగుడ్డ బైండు పుస్తకంలో తెలుగులోనే చిట్టా (రోజువారీ లెక్క), ఆవర్జా (ఖాతాల పుస్తకం). తేడా వస్తే గుమాస్తా మామయ్య ముందు ఆ తేడాలోని అంకెలు కూడేవాడు. మొన్న మా ఆఫీసులో బ్యాంకు సరిచూస్తుంటే 270 దిర్హాములు తేడా. ఇద్దరు పిల్లలు గంటసేపు వెతికారు. రెండు, ఏడు కలిపితే తొమ్మిది. అంటే తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది, ఎక్కడో అంకెలు తారుమారై ఉండొచ్చు. వెతికితే 1,520 చెక్కుని 1,250 అని ఎక్కించారు. ఇది నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

ఇంటర్వ్యూకి వెళ్ళేముందు రెండు పన్నులు చదువుకో. వ్యాట్ (అమ్మకాల మీద పన్ను) 2018 జనవరి 1 నుంచి ఉంది, 5 శాతం. పన్ను కాలం ముగిశాక 28 రోజుల్లో రిటర్ను. పూర్తి బిల్లు మీద ట్యాక్స్ ఇన్వాయిస్ అన్న మాట, అమ్మినవాడి పదిహేను అంకెల పన్ను రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా అని చూడడం నీ వంతు. కంపెనీల లాభం మీద పన్ను 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాలకు వచ్చింది. మామూలు రేటు 3,75,000 దిర్హాములు దాటిన లాభం మీద 9 శాతం. వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేదీ 3,75,000 దగ్గరే, కాకపోతే అది అమ్మకాల అంకె. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. నువ్వు విడదీసి చెప్తే ఎదురుగా ఉన్నవాడు తల పైకెత్తుతాడు.

ఇక పై చదువు. ఏసీసీఏ (బ్రిటన్ అకౌంటెన్సీ కోర్సు) 13 పేపర్లు. బీకాంకి కొన్ని మినహాయిస్తారు, ఎన్ననేది నీ డిగ్రీని బట్టి వాళ్ళ సైట్లోనే చూసుకో. అమెరికా సీఎంఏ (మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కోర్సు) రెండే భాగాలు, ఖర్చులు, బడ్జెట్ల వైపు ఇష్టముంటే అది. మొదటి ఆరు నెలలు మాత్రం ఏదీ కట్టకు, ముందు నిలదొక్కుకో. భాషల దగ్గర తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ రాయి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడుతూ పెరిగినవాళ్ళం, అది మనకు గొప్పగా అనిపించదు గానీ ఇక్కడి ఆఫీసుల్లో హిందీ లేకపోతే సగం పని ఆగుతుంది.

జవాబు: జయపురం, పన్నుల పని

మా అబ్బాయి మస్కట్‌లో ఉండడం వల్ల నేనూ ఈ గ్రూపులో ఉన్నాను. అందరూ అక్కడి దారులే చెప్తున్నారు. ఒకవేళ వీసా కుదరక తిరిగి వస్తే దాన్ని ఓటమి అనుకోకు బాబూ. ఇక్కడ నాకు 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బి (నెల సారాంశం రిటర్ను), నెలంతా తేదీలే. బీకాం వాళ్ళు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకోవచ్చు, పరీక్ష ఒకటి ఉంటుంది. సరిహద్దుకు అటూ ఇటూ సరుకు నడిపే వ్యాపారులకు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) ఎక్కడ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల్లో రాష్ట్రం వాటా) ఎక్కడ అన్నది తెలిసిన మనిషి కావాలి. పాతపట్నం మీకు పక్కూరే, కానీ పన్ను లెక్కలో అది వేరే రాష్ట్రం. మన జిల్లాల్లో ఆ పనికి కొదవ లేదు.

జవాబు: బరంపురం అన్న

జయపురం బాబుగారూ, మీ మాట కాదనను. కానీ కుర్రాడు టికెట్టు కొనుక్కుని వచ్చాడు కదా, ముందు ఉన్న ఆఫర్లు చూద్దాం. తమ్ముడూ, డిగ్రీ అటెస్టేషన్ అయిందా? మొదట ఒడిశా ప్రభుత్వం, తర్వాత ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఈ దేశపు ఎంబసీ, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖ. అన్ని ముద్రలూ పడేసరికి రోజులు పడతాయి. ఒరిజినల్ ఇంట్లో పెట్టి వచ్చావేమో అని అడుగుతున్నాను. మనవాళ్ళలో చాలామంది అదే చేస్తారు.

జవాబు: పర్లాకిమిడి అబ్బాయి

అన్నయ్యా, నిజమే, ఒరిజినల్ అమ్మ బీరువాలో ఉంది. రేపు నాన్న తీసుకుని భువనేశ్వర్ వెళ్తున్నారు. ట్రేడింగ్ వాళ్ళను నెలాఖరు క్లోజింగు ఎవరు చేస్తారని అడిగాను. 'అదంతా బయట కన్సల్టెంటు చూసుకుంటాడు, నువ్వు బిల్లులు ఎక్కించి మధ్యాహ్నం వసూళ్ళకి వెళ్ళాలి, డ్రైవింగ్ వచ్చా?' అన్నారు. ఆడిట్ ఆఫీసు వాళ్ళు మాత్రం వర్క్ పర్మిట్ అయ్యేదాకా ఆఫీసు మెట్లెక్కవద్దన్నారు. సోమవారం వాళ్ళతో ఇంకోసారి మాట్లాడాలి. అక్కా, బ్యాంకు సరిచూసే షీటు ఒకటి ఖాళీది పంపగలరా? అంతవరకు గదిలో కూర్చుని ప్రాక్టీసు చేసుకుంటాను.