పదకొండు మాత్రలు, ముగ్గురు డాక్టర్లు: అన్నీ కలిపి చూడమని ఎవరిని అడగాలి?

తెనాలి లెక్కల మాస్టారు:
నాకు 68 ఏళ్లు. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినవాణ్ని, నా మాత్రల లెక్క నాకే తప్పింది. షుగరుకు ఒక డాక్టరు, రెండేళ్ల క్రితం స్టెంటు వేసిన గుండె డాక్టరు ఒకరు, మోకాళ్లకు ఇంకొకరు. ఎవరి చీటీ వారిదే. బిస్కెట్ల డబ్బాలో రోజుకు పదకొండు మాత్రలు. మొన్న మనవరాలు రేకుల వెనక సన్న అక్షరాలు చదివి, "తాతయ్యా, ఈ రెండూ ఒకటే" అంది. పేర్లు వేరు, లోపల రెండూ కడుపులో మంటకు ఇచ్చే పాంటోప్రజోల్ 40. నాలుగు నెలలుగా రెండూ మింగుతున్నాను! మోకాళ్ల డాక్టరును అడిగితే "మిగతావి రాసినవారినే అడగండి" అన్నారు. అన్నీ ఒక్కరే చూడాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? అలా అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని ఒక జంకు.

ఆస్పత్రి ఫార్మసిస్టు, హైదరాబాద్:
నమస్కారం మాస్టారూ. జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, డబ్బాను ఉన్నదున్నట్టు పట్టుకెళ్లండి. ఆయుర్వేద చూర్ణాలు, చీటీ లేకుండా కొన్నవి కూడా. మోకాళ్లకు రోజూ వేసుకునేది డైక్లోఫెనాక్ అయితే మాత్రం వెంటనే చూపించండి. అది గుండెకు మంచిది కాదు. బీపీకి టెల్మిసార్టాన్, మూత్రం వచ్చే మాత్ర కూడా ఉంటే మూత్రపిండాల మీద భారం ఎక్కువవుతుంది. స్టెంటు కోసం ఇచ్చిన రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రాజమండ్రి అమ్మమ్మ:
జంకు నాకూ ఉండేది అన్నయ్యగారూ. నాకు బీపీకి ఆమ్లోడిపిన్ మొదలయ్యాక కాళ్లు వాచాయి. వాపుకని ఇంకో మాత్ర ఇచ్చారు, రాత్రంతా బాత్రూముకు తిరగడమే. చివరికి ఒక పెద్ద డాక్టరు, "వాపు ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగి బీపీ మాత్ర మార్చారు. రెండోదాని అవసరమే పోయింది. నాకు నచ్చింది అది కాదు. "వీటిలో మీరు వేసుకోకుండా దాచేవి ఏవి?" అని నవ్వుతూ అడిగారు. కొలెస్ట్రాల్ మాత్ర ఆరు నెలలుగా మానేశానని మొదటిసారి నోరు విప్పి చెప్పాను. మా ఇంట్లోవారికీ తెలియదు.

లెస్టర్ కోడలు:
ఇంగ్లండులో ఇలాంటి సమీక్ష ఎక్కువగా డాక్టరు క్లినిక్కులోని ఫార్మసిస్టే చేస్తారు. ఆ ఫార్మసిస్టు మా అత్తగారికి ఫోను చేసి ఒక మాత్ర ఆపమంటే, "డాక్టరు రాసింది ఆపడానికి ఈ అబ్బాయి ఎవరు?" అని రెండు రోజులు అలిగారు. ఎందుకు ఆపుతున్నారో ఆవిడకు ఎవరూ విడమరచి చెప్పలేదు, కోపమంతా దానికే.

తెనాలి లెక్కల మాస్టారు:
డబ్బా పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లొచ్చాను. మాత్రలన్నీ బల్ల మీద పోసి, ఒక్కొక్క రేకూ తిప్పి చూశారు. విసుక్కోలేదు. రెండో పాంటోప్రజోల్ తీసేశారు. నొప్పి మాత్ర డైక్లోఫెనాకే, ఆపించి పైపూతకు మందు రాశారు. షుగరుకు తొమ్మిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను కదా, దానివల్ల విటమిన్ బి12 తగ్గి తిమ్మిర్లు రావచ్చట, ఆ పరీక్ష చేయించమన్నారు. అరికాళ్ల తిమ్మిరి వయసు వల్లే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు తొమ్మిది మాత్రలు. మోకాళ్ల డాక్టరుకు ఈ సంగతి ఎలా చెప్పాలన్నదే ఇంకా తేలలేదు. మనవరాలు తానే చెబుతానంటోంది.