‘లోబడియుండుడి’: లోపలా, కిందా?

నారాయణగూడ సభ్యుడు: బైబిల్లో యాకోబు పత్రిక 4:7, “కాబట్టి దేవునికి లోబడియుండుడి, అపవాదిని ఎదిరించుడి”. సండే స్కూల్ పిల్లల కోసం దీన్ని వాడుక భాషలోకి మార్చాలి. ‘లొంగిపోండి’ అనొచ్చా, ‘విధేయులై ఉండండి’ మేలా? అసలు ‘లోబడు’లో ఈ ‘బడు’ ఏమిటి?

సికింద్రాబాద్ సభ్యురాలు: ‘లొంగిపోండి’ మాత్రం వద్దండి. పేపర్లో ఎవడైనా లొంగిపోయాడంటే అంతకుముందు తప్పించుకు తిరిగాడనే అర్థం. లోబడడానికి ముందు ఎదురు తిరిగి ఉండనక్కర్లేదు. లూకా 2:51లో పన్నెండేళ్ల యేసు నజరేతుకు వచ్చి తల్లిదండ్రులకు ‘లోబడి యుండెను’. అక్కడ ‘లొంగిపోయెను’ అని పెట్టి చదవండి, ఎంత ఎబ్బెట్టుగా ఉందో!

‘బడు’ అంటే పడు. లోన్ + పడు, సరళాదేశంతో (అంటే ‘ప’ ‘బ’గా మారి) లోఁబడు. అరసున్న జారిపోయి లోబడు. పరిధి లోపలికి రావడం అన్నమాట. జీవోల్లో రాసే ‘నిబంధనలకు లోబడి’ కూడా ఇదే.

టోలీచౌకి సభ్యుడు: ఉర్దూ బైబిల్లో ఇక్కడ ‘తాబే’ అని ఉంటుంది. మన ‘తాబేదారు’ అందులోంచి వచ్చిందే. కాకపోతే తెలుగులో తాబేదారు అంటే తిట్టులా వినిపిస్తుంది, ఉర్దూలో ఆ వాసన లేదు.

తార్నాక సభ్యుడు: మూలంలోని గ్రీకు క్రియ హుపొతస్సో. హుపొ అంటే కింద, తస్సో అంటే వరసలో నిలపడం. సైన్యంలో ఎవరి స్థానంలో వాళ్లను ఉంచడానికి వాడే మాట. లూకా 7:8లో శతాధిపతి ఈ రెండు ముక్కల్నీ విడివిడిగా వాడతాడు. తెలుగులో అది “అధికారమునకు లోబడినవాడను” అయింది. వెంటనే తన సైనికుల గురించి చెప్పేటప్పుడు మాత్రం ‘నా చేతి క్రింద’ అంటాడు. అంటే గ్రీకువాడికి అధికారం పైన, మనిషి కింద. తెలుగువాడికి చెప్పుచేతల్లో, అదుపులో, అధీనంలో, ఎక్కువగా ‘లో’యే.

అసలు సంగతి పై వచనంలో ఉంది. 4:6లో దేవుడు అహంకారులను ‘ఎదిరించి’ అన్నచోట గ్రీకు మాట అంతితస్సో, అంటే ఎదురుగా బారులు తీరడం. ఆ వెంటనే హుపొతస్సో. ఎదుటి వరసలో నిలబడితే దేవుడే ఎదిరిస్తాడు, కాబట్టి వచ్చి ఆయన వరసలో నిలబడండి అని యాకోబు తర్కం. ‘కాబట్టి’ అక్కడ ఊరికే లేదు. తెలుగులో ఈ జంట కనబడదు. దానికి బదులు దేవుడు ‘ఎదిరించి’, మీరు అపవాదిని ‘ఎదిరించుడి’ అని ఇంకో జంట కుదిరింది. గ్రీకులో ఈ రెండూ వేర్వేరు క్రియలు. మొదటి సగం వదిలేసి ‘అపవాదిని ఎదిరించుడి’ ఒక్కటే గోడ మీద రాసుకుంటే తర్కం తెగిపోతుంది.

సికింద్రాబాద్ సభ్యురాలు: బాగా పట్టారు. మరి ఎఫెసీ 6:1లో పిల్లలకు ‘విధేయులైయుండుడి’ అన్నది?

తార్నాక సభ్యుడు: అది వేరే క్రియ, హుపకువో. వినడం అందులోనే ఉంది, మనం ‘మాట వినరా’ అన్నట్టే. అపొస్తలుల కార్యములు 5:29లో “మనుష్యులకు కాదు దేవునికే” లోబడాలన్నచోట ఇంకో క్రియ. తెలుగులో రెండుచోట్ల ‘లోబడు’ అనే ఉందని ఒకే అర్థం లాగకూడదు. సంఘపెద్ద ఏం చెప్పినా చేయాల్సిందే అనడానికి హెబ్రీ 13:17 చూపించేవాళ్లు ఈ 5:29ను పక్కన పెట్టుకుని చదవాలి. భార్యలు భర్తలకు లోబడాలన్న ఎఫెసీ 5:22 కూడా అంతే. బాగా పాతవైన గ్రీకు చేతిరాత ప్రతుల్లో, పి46 అనే పపైరస్ ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ, ఆ వచనంలో క్రియే లేదు. 21లోని ‘ఒకనికొకడు లోబడి’ నుంచి తెచ్చుకోవాలి. 21ని మింగేసి 22 దగ్గర గొంతు పెంచడం వాక్యానికి అన్యాయం.

టోలీచౌకి సభ్యుడు: 1 కొరింథీ 9:27లో ‘లోపరచుకొనుచున్నాను’ ఉంది. దాన్ని ‘లోపం’తో కలిపి వివరించేవాళ్లున్నారు. సంబంధమే లేదు, అది లోబరచుకోవడమే.

నారాయణగూడ సభ్యుడు: అయితే ‘లోబడి ఉండండి’ అని రాసేస్తాను. ‘ఉండండి’ అవసరమా?

తార్నాక సభ్యుడు: గ్రీకు ఆజ్ఞ ‘ఇప్పుడే లోబడండి’ అన్నట్టుంటుంది. ‘ఉండు’ తెలుగు చేర్చినదే, అయినా తప్పు కాదు. 7 నుంచి 10 వరకు అలాంటి ఆజ్ఞలు పది. ‘లోబడియుండుడి’తో మొదలై ‘తగ్గించుకొనుడి’తో ముగుస్తాయి. మధ్యలో దగ్గరికి రావడం, చేతులు శుభ్రం చేసుకోవడం, హృదయం, ఏడుపు. పిల్లలకు ఏడో వచనం ఒక్కటే ఇవ్వకుండా కనీసం ఎనిమిది దాకా ఇవ్వండి. లోబడినవాడు ఏం చేయాలో అక్కడ చేతులతో సహా చెప్పాడు.

సికింద్రాబాద్ సభ్యురాలు: ‘ద్విమనస్కులారా’ కూడా ఎనిమిదిలోనే ఉంది, చూసుకోండి. ‘రెండు మనసులతో ఊగేవాళ్లారా’ అంటే పిల్లలకు తెలుస్తుంది.