సమస్య: "నీరు పోయ మొక్క నిలువునెండె" (వేసవి తోట పూరణలు)

ఛందస్సు ఆటవెలది, సమస్య నాలుగో పాదం; ముందు మూడు పాదాలు రాయడమే పూరణ. ప్రతి మాట ముందూ ఉన్నది రాసినవారి కలంపేరు; పూరణలను సరిచూసేది "గణవిభజన". నీరు పోస్తే మొక్క ఎండడానికి కారణం పూరణలో కనిపించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరం జత కుదరడం) తప్పినా, తోటపని తప్పినా పట్టుకుంటాం.

తొట్టిసేద్యం:

తొట్టి యడుగు మూసి తొణుకంగఁ బోసిన
గాలి లేక వేరు కమిలి కుళ్ళు
వాడునాకుఁ జూచి వట్టి దాహమనుచు
నీరు పోయ మొక్క నిలువునెండె.

గణవిభజన: గణాలు, యతులు సరే. "వట్టి" యతి కోసం వచ్చిందని తెలిసిపోతున్నా, "కేవలం దాహమే" అన్న అర్థంలో చెల్లుతుంది. మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. వేరు కుళ్ళినా, నీళ్లు చాలకపోయినా ఆకు ఒకేలా వాలుతుంది. అందుకే ముందు వేలు 2 అంగుళాలు మట్టిలోకి దింపి చూడాలి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టెయ్యండి. మిట్టమధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే అనుమానించాలి. కుళ్ళిన వేరుకు ఇంకో గుర్తుంది: పట్టి లాగితే పైతొక్క ఊడి చేతిలోకి వస్తుంది, లోపల సన్నటి దారం మిగులుతుంది.

మల్లెపందిరి:

ఎండఁ గాఁగినట్టి యీ గొట్టమందున
నిలిచి చాలసేపు నీళ్లు మసలు
పారఁబోయకుండఁ బైపెత్తి వేరుకు
నీరు పోయ మొక్క నిలువునెండె.

గణవిభజన: "పారఁబోయ–బైపెత్తి" యతి ముచ్చటగా కుదిరింది. "మసలు" మాత్రం అతిశయోక్తే. పైపులో నీళ్లు మసలవు గాని, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి.

తొట్టిసేద్యం: పారబోయడం దేనికండీ? 15 మీటర్ల అరంగుళం పైపులో దాదాపు 2 లీటర్లు నిలిచి ఉంటాయి. వాటిని బకెట్‌లోకి పట్టి, చల్లారాక పోసుకోవచ్చు. అసలు పొద్దెక్కకముందే నీళ్లు పెడితే ఈ బాధే లేదు.

చిగురుటాకు:

ఆకుపైనఁ బడిన యద్దాల చుక్కలు
సూర్యరశ్మిఁ గూర్చి కాల్చివేయు
పట్టపగటివేళఁ బైనుంచి చల్లుచు
నీరు పోయ మొక్క నిలువునెండె.

గణవిభజన: రెండో పాదంలో యతి భంగమైంది, "సూ"కు "కా" చెల్లదు. "చుఱుకు పెట్టు" అంటే సరిపోయేది. కానీ విషయమే తప్పు. నున్నటి ఆకు మీద నిలిచిన చుక్క కిరణాలను కూర్చే చోటు ఆకుకు కిందెక్కడో పడుతుంది, కాబట్టి ఆకు కాలదు. నూగు మీద ఆకుకు అంటకుండా నిలిచే చుక్కలతోనే కొంత అనుమానం. మధ్యాహ్నం చల్లితే అసలు నష్టం వేరు. పైన అరంగుళం మట్టి తడిసి ఆరిపోతుంది, వేరుకు చుక్క దక్కదు. ఉప్పునీళ్లయితే ఆకు మీద తెల్లమచ్చలు అదనం. మూడో పాదం బంగారంలా ఉంది, అలాగే ఉంచి మొదటి రెండూ ఇలా మార్చండి:

ఆకు తడిసెఁ గాని యడుగెల్ల పొడిమన్నె
వేరుఁ జేరులోపె వేడి కెగిరె

చిగురుటాకు: మార్చుకున్నాను, ధన్యవాదాలండీ. మరి సాయంత్రం ఆకుల మీద చల్లవచ్చా?

మల్లెపందిరి: వద్దండీ. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. మొక్క మొదలు దగ్గరే, తొట్టి అడుగు చిల్లుల్లోంచి కారేదాకా నెమ్మదిగా పోయండి. పైన 2 అంగుళాల మందం ఎండాకు పరవండి. కాండం చుట్టూ మాత్రం 2 అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే అక్కడ కుళ్ళు మొదలవుతుంది.

నీడవల:

కొబ్బరిపొడి యెండి కుండంచు వీడిన
సందు వెంట జారి సర్రునఁ దిగు
నట్టనడుమ వేరు నాల్క తడియకుండ
నీరు పోయ మొక్క నిలువునెండె.

గణవిభజన: "వేరు నాల్క" చాలా బాగుంది! నీళ్లు వెంటనే అడుగున కారితే తొట్టి తడిసిందని మోసపోతాం. ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటుంది, అదే ఆనవాలు. మరీ ఎండిన మిశ్రమం నీటిని పీల్చదు, తోసేస్తుంది. పైనుంచి ఎంత పోసినా దండగే. తొట్టిని సగం మునిగేలా నీళ్ల టబ్బులో 20–30 నిమిషాలు ఉంచి, పైమట్టి నల్లబడ్డాక తీసి, నీరు పూర్తిగా ఓడ్చాలి. ఆ సందును వేలితో నొక్కి పూడ్చాలి.

ఒక్క అభ్యంతరం. కొబ్బరిపొడి అంటే కూరలో వేసేది కదండీ!

నీడవల: నిజమే! నేనన్నది తొట్టి మట్టిలో కలిపే కొబ్బరిపీచు పొట్టు, కోకోపీట్. మొదటి పాదం ఇలా: "కోకొపీటు బిగిసి కుండంచు వీడిన".

గణవిభజన: యతి కూడా చెడలేదు. ఇదే ఉంచండి.