అప్‌డేట్: మా రెండో తరగతి పిల్లలు, ‘ఈజ్ ఈటింగ్’

పిల్లలు “షీ ఈటింగ్”, “ఐ రన్నింగ్” అంటున్నారు, మధ్యలో ఈజ్, యామ్ రావడం లేదు, ఏం చేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మీరన్నట్టే బోర్డు మీద సూత్రాలు పక్కనపెట్టి ఆట మొదలుపెట్టాను. ఒకరు ముగ్గు వేస్తున్నట్టో, పళ్లు తోముతున్నట్టో నటిస్తారు, మిగతావాళ్లు చెప్పాలి. నటన ఆగకముందే చెప్పాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆగిపోయాక చెబితే ‘ఇప్పుడు’ అన్న అర్థమే పోతుంది. నేను “వాట్ ఈజ్ షీ డూయింగ్?” అని అడిగితే, అందులోని ఈజ్ వాళ్ల జవాబులోకి దానంతటదే వచ్చేస్తోంది! యామ్ మాత్రం ఇంకా జారిపోతోంది. “వాట్ ఆర్ యూ డూయింగ్?” అనే ప్రశ్నలో అది వినపడదు మరి.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లల్లోనూ ‘ఇంగ్’ ముందొస్తుందని, ఈజ్ లాంటి సహాయక క్రియలు బాగా ఆలస్యంగా వస్తాయని పిల్లల భాష మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లోనే రాశారని చదివాక టెన్షన్ తగ్గింది. ఇప్పుడు తప్పని ఆపడం లేదు, పూర్తి వాక్యాన్ని నేనే ఒకసారి హాయిగా అంటున్నాను.

యామ్ కోసం మంచి ఆట ఉంటే చెప్పండి.