వాదన వేడెక్కగానే మనుషులు ఎందుకు దూరమవుతున్నారు?

ప్రశ్న (గ్రంథాలయ కార్యకర్త):
మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలకొకసారి, ఆదివారం సాయంత్రం, పదిహేను ఇరవై మందిమి కూర్చుని ఏదో ఒక అంశంపై చర్చించుకుంటాము. నిర్వహణ బాధ్యత నాది. గత నెల ప్రాథమిక విద్య తెలుగులోనే సాగాలా అన్న అంశం పెట్టాము. అరగంట గడిచిందో లేదో, ఇంగ్లీషు మాధ్యమమే కావాలన్న ఒక యువకుణ్ణి, "మీ నాన్న తెలుగు పండితుడై ఉండి నువ్వు మాట్లాడే మాటలేనా ఇవి?" అని ఒక పెద్దాయన నిలదీశారు. అంతటితో అంశం అటకెక్కింది. ఆ యువకుడు టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు. ఇకమీదట వివాదం లేని అంశాలే పెడదామని కొందరంటున్నారు గానీ, అందరూ తలలూపే సమావేశానికి ఎవరైనా ఎందుకు రావాలి? గట్టిగా వాదించుకున్నవాళ్లు మరుసటి నెల కూడా వచ్చేలా చేయడమెలా?

సమాధానం (విశ్రాంత సంస్కృతోపన్యాసకుడు):
మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం దీన్ని ఎప్పుడో విడదీసి చూపింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. మూడోదాని పేరు "వితండవాదం"గా మన నిత్యవ్యవహారంలో మిగలడం యాదృచ్ఛికమేమీ కాదని నా అనుమానం. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, ముందు చెప్పి ఆ తరువాతనే ఖండించే పద్ధతిని మీరూ పాటించండి. ఎదుటివారి వాదాన్ని, "అవును, నేనన్నది అదే" అని వారు ఒప్పుకొనేలా చెప్పగలిగినవారికే జవాబిచ్చే అవకాశమివ్వండి.

సమాధానం (పాత పత్రికల పాఠకుడు):
వేడిని చూసి భయపడనక్కరలేదు. రాతలో గ్రాంథికమా, వాడుకభాషా అన్న గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో జయంతి రామయ్య పంతులు గ్రాంథికం వైపు, గిడుగు రామమూర్తి వ్యావహారికం వైపు నిలిచి ఏమాత్రం మెత్తగా మాట్లాడుకోలేదు. తెలుగు రచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో తాను ఒప్పుకోని విషయాలను గురజాడ 1914లో అసమ్మతి పత్రంగా రాసి ఇచ్చారు. గ్రాంథికం రాయాలన్న పండితుల రచనల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపడం గిడుగువారి పద్ధతి. అక్కడ కోపానికి కూడా ఉదాహరణ తోడుండేది. "నీ ధోరణి బాగాలేదు" అనడానికీ "నీ ఫలానా వాక్యంలో ఈ పదం తప్పు" అనడానికీ ఎంతో తేడా ఉంది. మాట్లాడదలచినవారు ముందుగా ఒక పేజీ రాసి తెస్తే మేలు.

సమాధానం (ఉద్యోగిని, విశాఖపట్నం):
పై ఇద్దరూ సమఉజ్జీలు వాదించుకుంటున్నట్టుగా రాశారు. మీ సమావేశంలో పెద్దాయన "నువ్వు" అన్నారు, ఆ యువకుడు "మీరు" అనే అని ఉంటాడు. "మీరు చెప్పింది తప్పండీ" అన్న మాట మన దగ్గర వాదన కాదు, పొగరు. చిన్నవారు ముందు మాట్లాడాలి, ఎందుకంటే పెద్దలు తీర్పు చెప్పేశాక వారికి నోరు పెగలదు. చర్చ జరిగే ఆ గంటసేపు వయసుతో పనిలేకుండా అందరూ అందరినీ "మీరు" అనాలి. ఇంటి పెద్దల ప్రస్తావన రాగానే మీరే కలుగజేసుకొని ఆపాలి. నిర్వహణ అంటే కుర్చీలు వేయించడం ఒక్కటే కాదు కదా!

ప్రశ్న అడిగినవారు:
చివరి మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ రోజు నేను నిజంగానే కుర్చీలు సర్దుతున్నాను. రాసి తెమ్మంటే మా వాళ్లు రావడమే మానేస్తారు కనుక దాన్ని పక్కన పెట్టి, పూర్వపక్షం చెప్పించడం, చిన్నవారికి ముందు అవకాశమివ్వడం మొదలుపెడతాను. నిన్న ఆ యువకుడికి ఫోన్ చేశాను. వస్తానన్నాడు గానీ, అంశం మార్చకూడదని షరతు పెట్టాడు. పెద్దాయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.