1975 నాటి సింగరేణి బొగ్గు గూడ్సు మోడల్‌కి ఏ వ్యాగన్లు పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా తాతయ్య గూడ్సు గార్డుగా చేశారు, ఎక్కువగా డోర్నకల్ - భద్రాచలం రోడ్ లైన్లోనే. (కొత్తగూడెం స్టేషన్ పేరే భద్రాచలం రోడ్, తెలియనివాళ్ల కోసం.) ఆయన గుర్తుగా 1975 నాటి బొగ్గు గూడ్సును హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు సైజులో 87వ వంతు) చేస్తున్నాను. ముందు డబ్ల్యూజీ స్టీమింజను, వెనక బాక్స్‌ఎన్ వ్యాగన్లు. త్రీడీ ప్రింట్ చేయించి ఆరు తెప్పించాను కూడా. నిన్న ఇంటికొచ్చిన ఒక పెద్దాయన వాటిని చూసి "ఇవి అప్పటివి కావు బాబూ" అనేసి, టీ తాగి వెళ్లిపోయారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నిజమేనా?

జవాబు:
నిజమేనండి. బాక్స్‌ఎన్ వాడకంలోకి వచ్చింది 1980ల మొదట్లో. 1975లో బొగ్గు మోసినవి నాలుగు చక్రాల ఓపెన్ వ్యాగన్లు, ఎనిమిది చక్రాల పాత బాక్స్ వ్యాగన్లు. పేరులో ఒక్క అక్షరమే తేడా అని చాలామంది పొరపడతారు గానీ రెండింటి ఆకారం వేరు. బాక్స్ పొడుగ్గా ఉంటుంది, ఎత్తు తక్కువ. బాక్స్‌ఎన్‌ను కావాలనే పొట్టిగా, ఎత్తుగా చేశారు. స్టేషన్లో గూడ్సు పక్కకి ఆగే లూప్ లైన్ పొడవు పెరగదు కదా, అప్పట్లో మామూలుగా 686 మీటర్లే. అందులో ఎక్కువ బొగ్గు పట్టాలంటే మీటరుకి పడే బరువు పెంచాలి. ఒక్కో బాక్స్‌ఎన్ కప్లర్లతో కలిపి 10,713 మి.మీ., నిండా లోడైతే వ్యాగన్ బరువుతో కలిపి 81.28 టన్నులు. 58 పెట్టినా 621 మీటర్లే, ఇంజనుకీ గార్డు పెట్టెకీ చోటు మిగులుతుంది.

తాతయ్యగారి ఫొటోలేమైనా ఉన్నాయా? ఆయన వెనకాల వ్యాగన్ పడి ఉంటే అంతకంటే మంచి ఆధారం లేదు. మొదట వ్యాగన్ చివరలు చూడండి. రెండు పక్కలా గుండ్రటి బఫర్లు, మధ్యలో గొలుసు కప్లింగ్ ఉంటే పాత రకం. తర్వాత వేలాడే గొట్టం. వ్యాక్యూమ్ బ్రేకుదైతే లావుగా, మడతలు మడతలుగా ఉంటుంది. ఎయిర్ బ్రేకుదైతే సన్నగా ఉంటుంది, బాక్స్‌ఎన్‌ది అదే. రంగు గురించి మాత్రం ఎవరితోనూ వాదన పెట్టుకోకండి. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో రంగు తేలదు, పైగా రెండు నెలలు బొగ్గు మోస్తే ఏ రంగైనా ఒకటే.

ప్రశ్న అడిగినవారు:
ఒకటి దొరికిందండి! తాతయ్య చేతిలో పచ్చజెండా, వెనకాల వ్యాగన్ సగం. భూతద్దం పెట్టి చూశాను. బఫర్ ఉంది, గొట్టం లావుగానే ఉంది. నంబరు పక్కన ఇంగ్లీషులో ఎస్‌సీ అని ఉంది. కింద మూలన చిన్నగా పీఓహెచ్, పక్కన 71 అని ఉన్నట్టుంది.

జవాబు:
ఇంకేం కావాలండీ. ఎస్‌సీ అంటే దక్షిణ మధ్య రైల్వే. అది ఏర్పడింది 1966 అక్టోబరు 2న, కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు. పీఓహెచ్ అంటే వర్క్‌షాపులో పూర్తి మరమ్మతు చేసిన తేదీ. అది 71 అయితే ఫొటో ఆ ఏడుగానీ, తర్వాత కొద్ది ఏళ్లలోగానీ తీసింది. మీ 1975కి దగ్గరే. అలాగని అన్ని వ్యాగన్ల మీదా ఎస్‌సీ రాయకండి. వ్యాగన్లు దేశమంతా కలగాపులగంగా తిరిగేవి, ఒకే బండిలో నాలుగైదు రైల్వేలవి ఉండేవి. నాలుగు చక్రాలవాటి మధ్య అక్కడక్కడా వేరే రైల్వే అక్షరాలు కనిపిస్తేనే సహజంగా ఉంటుంది.

ఇంకొకరు:
కొలతల గురించి ఒక మాట. వచ్చిన బాక్స్‌ఎన్‌లను పారేయకండి, 1985 బండికి పనికొస్తాయి. స్కేలు పెట్టి చూసుకోండి, హెచ్‌ఓలో పొడవు 123 మి.మీ., ఎత్తు 37, బోగీ (అంటే పెట్టె కాదు, వ్యాగన్ కింద నాలుగు చక్రాలుండే చట్రం) మధ్య నుంచి బోగీ మధ్యకి 75 రావాలి. ఇప్పుడు తిరిగే బాక్స్‌ఎన్‌ల వివరాలకి మీరే ఫొటో తీయాలంటే ప్లాట్‌ఫాం మీద నిలబడి, వ్యాగన్‌కి ఎదురుగా నిటారుగా తీయండి. ఒకే బోగీలోని రెండు ఇరుసుల మధ్య దూరం 2,000 మి.మీ. ఫొటో ప్రింటులో అది 40 మి.మీ. వస్తే, ఆ ప్రింటులో ఒక్కో మిల్లీమీటరుకి అసలులో 50 అన్నమాట. మిగతా కొలతలన్నీ దాన్నుంచి లాగొచ్చు. చక్రం వ్యాసాన్ని నమ్ముకోవద్దు. కొత్తది 1,000 మి.మీ. ఉంటుంది గానీ అరిగేకొద్దీ తగ్గిపోతుంది. టేపు పట్టుకుని యార్డులో పట్టాల మీదికి మాత్రం దిగకండి, ప్రమాదం సంగతి అలా ఉంచితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసవుతుంది.

అన్నట్టు, పట్టాలు ఏవి వాడుతున్నారు? మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ., హెచ్‌ఓలో 19 పైచిలుకు రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5. ఎదురుగా చూస్తే సన్న కాళ్ల మీద పెద్ద పొట్టలా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
16.5 పట్టాలు అతికించేశానండి. పక్కనుంచే చూడమని అందరికీ చెప్తాను. నాలుగు చక్రాల వ్యాగన్‌కి ముందు అట్టతో నమూనా కోసి, ఫొటో పక్కన పెట్టి చూస్తా. ఆ పెద్దాయన్ని మళ్లీ టీకి పిలిచాను.